ఒకటో తరగతికీ రెండుకీ మధ్య ఆగిన పిల్లకి ఇంట్లో ఏ పాఠాలు? సరిహద్దు ఊళ్ళ తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది ఆంధ్ర సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో. మా ఆయనకి బదిలీ అయి శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చేసరికి నవంబరు నెల. పాప ఒకటో తరగతి సగంలో ఉంది. ఆ మిగిలిన సగం ఎక్కడ పూర్తి చేయించాలో తెలియక ఇంట్లో మొదలుపెట్టిన చదువు రెండేళ్ళు సాగింది. నేను టీచర్ని కాను, డిగ్రీ చదివిన మామూలు గృహిణిని. అయినా గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. వాళ్ళకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

తరగతుల మధ్య ఆగిపోవడం అంటే ఏమిటి? పిల్ల వెనకబడిందనా?

కాదు. మన వైపు ఇది ఎక్కువగా క్యాలెండర్ వల్ల వచ్చే చిక్కు. ఒడిశాలో కొత్త తరగతి ఏప్రిల్‌లో మొదలై, వేసవి సెలవుల తర్వాత మళ్ళీ అందుకుంటుంది. ఆంధ్రలో బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ఆటోలో వచ్చేయొచ్చు గానీ, ఆ కాస్త దూరంలోనే పిల్ల రెండు నెలలు ముందుకో వెనక్కో జరిగిపోతుంది. దానికి తోడు మీడియం మారుతుంది. అక్కడ తెలుగో ఇంగ్లీషో, ఇక్కడ ఒడియా. ఈ జిల్లాల్లో తెలుగు బడులు ఉన్నాయి, కానీ మీరుండే వీధికి దగ్గర్లో ఉండాలిగా.

ఇంకో సంగతి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఒకే దశ అంటోంది. బడికి ముందు మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు, అన్నీ కలిపి ఒక్క మెట్టు. పైవాళ్ళే ఒకటికీ రెండుకీ మధ్య గోడ కట్టలేదు. మనమెందుకు టెన్షన్ పడాలి?

ఇంట్లో చదివిస్తే చట్టం ఒప్పుకుంటుందా? ఎవరైనా వచ్చి అడుగుతారా?

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య అంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్‌లో రాశారు, చేర్పించకపోతే శిక్ష అని మాత్రం రాయలేదు. ఇంటి చదువు గురించి అనుమతి గానీ నిషేధం గానీ ఆ చట్టంలో కనపడదు. అందుకే దీన్ని తలుపులు మూసుకుని చేసే పనిలా చేయొద్దంటాను. అంగన్‌వాడీ కార్యకర్తో, బడి టీచరో ఇల్లిల్లూ తిరుగుతూ మీ గుమ్మంలోకి వస్తే కూర్చోబెట్టి, పిల్ల నోట్‌బుక్కులు చూపించండి. నేను అదే చేశాను. ఆవిడ టీ తాగి, పాపతో ఒక పద్యం చెప్పించుకుని వెళ్ళింది.

పిల్ల నిజంగా ఏ తరగతిలో ఉందో ఇంట్లోనే తేల్చడం ఎలా?

ఈ ఒక్కదాని మీద వారం రోజులు పెట్టండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. పాప ఒకటో తరగతి తెలుగు వాచకం తెచ్చి చదవమన్నాను. గడగడా చదివేసింది. రెండో తరగతికి సిద్ధమైపోయిందని సంబరపడ్డాను. రెండో రోజు పక్కన కూర్చుని చూస్తే వేలు 'చెరువు' అన్న మాట మీదే ఉంది, నోరు మాత్రం గట్టు దాటి ఎటో వెళ్ళిపోయింది. చదవడం లేదు, పాఠం మొత్తం కంఠతా వచ్చేసింది! అదే అక్షరాలతో నేను కాగితం మీద వేరే రెండు వాక్యాలు రాసిస్తే మొదటి మాట దగ్గరే బిక్కమొహం వేసింది.

కాబట్టి పిల్ల ఎప్పుడూ చూడని కాగితం మీదే చదివించాలి. దానికి నాకు బాగా పనికొచ్చింది ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో పిల్లల చదువు మీద చేస్తున్న అసర్ సర్వే వాళ్ళ పరీక్ష కాగితం. తెలుగులోనూ ఉంది, ఒడియాలోనూ ఉంది, వాళ్ళ సైట్లో డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. అందులో విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. మొదలుపెట్టేది పేరాతో. మాటలు విడివిడిగా ఏరుకుంటున్నట్టు కాకుండా వాక్యంలా చదివి, మూడు తప్పులకి మించకపోతే కథ ఇవ్వాలి. తడబడితే మాటల దగ్గరికి దిగాలి. అక్కడ అయిదింటిలో నాలుగు రావాలి, రాకపోతే అక్షరాలు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ మీరు నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం.

తెలుగు వరకు నేను ఇంకోటి కలుపుతాను: ఒత్తులు. 'అమ్మ', 'అక్క', 'పువ్వు' మా పాప చదివేది, కానీ అక్షరాలు చూసి కాదు, ఆ మాటలు ముందే తెలుసు కాబట్టి. 'చిత్రం' దగ్గర ఆగిపోయింది. 'పుస్తకం'ని 'పుసకం' అంది. అంటే అదే అక్షరం ఒత్తుగా వస్తే పర్లేదు, వేరే అక్షరం ఒత్తుగా వస్తే రావట్లేదు. ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో ఆ రెండు మాటలే చెప్పేశాయి.

లెక్కల్లో 42 లోంచి 17 తీసేయమన్నాను. పలక మీద 35 వేసింది. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసేసింది. చాలామంది పిల్లలు చేసే పనే ఇది. అదే 42 రూపాయల చిల్లర చేతికిచ్చి, 17 రూపాయల బిస్కెట్లు కొన్నావు, ఎంత మిగిలిందీ అంటే, పది నోటు ఒకటి మార్చుకుని 25 లెక్కపెట్టి ఇచ్చింది. లెక్క బుర్రలో ఉంది, పలక మీదకే రాలేదు. 'లెక్కల్లో వీక్' అని తేల్చేసే ముందు ఇలా ఒకసారి చిల్లర చేతికిచ్చి చూడండి.

ఏ వయసుకి ఎంత రావాలో కొలత ఏమైనా ఉందా?

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో రాసిపెట్టారు. ఒకటో తరగతి చివరికి నాలుగైదు చిన్న మాటల వాక్యం చదవగలగాలి, 99 వరకు అంకెలు రావాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, 999 వరకు అంకెలు. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు, 9999 వరకు అంకెలు.

నిమిషానికిన్ని మాటలు అన్న లెక్క తెలుగుకి అంత నప్పదని నా అభిప్రాయం. ఇంగ్లీషులో ఆరేడు మాటలయ్యేది మనకి 'వెళ్ళిపోతున్నాననుకున్నావా' అని ఒక్క మాటలో అయిపోతుంది. గడియారం పట్టుకుని కూర్చోకండి. అంకెల కొలత మాత్రం ఉపయోగపడుతుంది.

లెక్కలకి ఒక తరగతి, తెలుగుకి ఇంకో తరగతి పుస్తకం పెడితే పిల్ల గందరగోళపడదా?

పిల్ల పడదు. చుట్టాలు పడతారు.

మా పాపకి ఆరున్నరేళ్ళప్పుడు లెక్కలు రెండో తరగతి సగం నుంచి, తెలుగు ఒకటో తరగతి చివరి నుంచి, ఇంగ్లీషు ఒకటో తరగతి మొదటి నుంచి, ఒడియా సున్నా నుంచి మొదలుపెట్టాం. పుస్తకాల అట్టల మీద తరగతి అంకె కనపడకుండా పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలేశాను. దాని దృష్టిలో అవి ఏనుగు బొమ్మ పుస్తకం, గుడి బొమ్మ పుస్తకం, అంతే. ఏడాది తర్వాత పాతపట్నం బస్సులో ఒక పెద్దాయన "ఏ తరగతమ్మా?" అని అడిగితే "లెక్కల్లో మూడు, తెలుగులో రెండు, ఒడియాలో ఒకటి" అంది. ఆయన వేళ్ళు మడిచి కూడి, "అయితే ఆరో తరగతన్నమాట" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఆరో తరగతి అమ్మాయిగానే నడిచింది.

పొద్దున్న ఒక పుస్తకం తేలిగ్గా అయిపోవాలి, ఇంకోటి కాస్త ఒళ్ళు వంచేలా ఉండాలి. రెండూ కష్టమైనవే అయితే ఆ రోజు ఏడుపుతో గడుస్తుంది. రెండూ తేలికైనవే అయితే అల్లరితో గడుస్తుంది.

ఏ పుస్తకాలు కొనాలి? ఎక్కడ దొరుకుతాయి?

చాలావరకు కొనక్కర్లేదు.

ఆంధ్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. మీడియం మారబోయే పిల్లకి ఇంతకన్నా వీలైనది నేను చూడలేదు. లెక్కల పుస్తకంలో పాప తెలుగు పేజీ చదువుకుని, అదే లెక్కని ఇంగ్లీషు పేజీలో చూపించేది. ఆరు నెలల్లో 'కూడిక', 'అడిషన్' రెండూ దాని మాటలే అయిపోయాయి.

ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్రం పాఠ్యపుస్తకాల సంస్థ) కొత్త పుస్తకాలు ఒకటి, రెండు తరగతులకి 2023లో వచ్చాయి. లెక్కలకి జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్, ఇంగ్లీషుకి మృదంగ్, హిందీకి సారంగి. అన్నీ వాళ్ళ సైట్లో పీడీఎఫ్‌గా ఉచితం. లెక్కల పుస్తకం నాకు నచ్చింది, బొమ్మలు చూసి మాట్లాడించే పని ఎక్కువ, రాత తక్కువ. కాకపోతే రాత తక్కువ కాబట్టి మీరు పలక మీద అదనంగా లెక్కలు వేసివ్వాలి. పుస్తకం మొత్తం జెరాక్స్ తీయించకండి. కావలసిన పాఠం వరకు తీయించి దారంతో కుట్టుకుంటే చాలు.

కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్. 2015 నుంచి ఉంది, తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ బోలెడు పుస్తకాలు. వాటిని తరగతుల వారీగా కాకుండా నాలుగు స్థాయిలుగా పెట్టారు. తరగతుల మధ్య ఉన్న పిల్లకి కావలసింది సరిగ్గా అదే. మొదటి స్థాయి పుస్తకం చిన్న చిన్న వాక్యాలతో, ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఉంటుంది. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే వదలకండి. తెలుగులో చదివిన కథ కాబట్టి ఒడియాలో ఏం జరుగుతుందో పిల్లకి ముందే తెలుసు, ఇక చూడాల్సింది అక్షరాలే. ఏ పుస్తకం సరిపోతుందో తెలియకపోతే ఒక పేజీ చదివించి, రాని మాటకల్లా ఒక వేలు మడవమనండి. చెయ్యి మొత్తం ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకో రెండు నెలలు అటక మీద ఉండాలి.

'రెండో తరగతి పూర్తి ప్యాకేజీ' అని పెట్టెలో అమ్ముతున్నారు, కొనొచ్చా?

నేను కొన్నాను. పేరు అనవసరం. వర్క్‌బుక్కులు, కార్డులు, ఆన్‌లైన్ క్లాసులు, చివర్లో ఒక సర్టిఫికెట్. మా ఇంటి ఆ నెల ఖర్చులన్నీ తలకిందులయ్యాయి. తొమ్మిదో రోజుకి లెక్కల పుస్తకం సగం అయిపోయింది, పాప "ఇంకా ఏముంది?" అంటోంది. తెలుగు మొదటి పాఠం దగ్గరే ఉన్నాం, రోజూ ఏడుపు. పెట్టె మొత్తం ఒకే తరగతి కదా, మనకి కావలసింది ఒక్కో సబ్జెక్టులో ఒక్కో మెట్టు. తిరిగి ఇచ్చేద్దామంటే సీలు తీసేశారు కదా అన్నారు. ఆ కార్డులు ఇప్పటికీ ఇంట్లో పేకాటకి పనికొస్తున్నాయి.

విడివిడి పుస్తకాలుగా అమ్మితే ఆలోచించండి. పెట్టెగానే ఇస్తామంటే వద్దు.

ముందు ఏ భాష? తెలుగా, ఒడియానా, ఇంగ్లీషా?

చదవడం, రాయడం వరకు ముందు ఇంట్లో మాట్లాడే భాష. మా ఊళ్ళో ఈ మాట కొత్తది కాదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే రాజావారి బడిలో పాఠాలు చెబుతూ ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. అప్పటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది. రాష్ట్రం మారినా, పిల్లలకి అర్థమయ్యే భాషలో మొదలుపెట్టాలన్న ఆయన మాట మాత్రం మారక్కర్లేదు.

తెలుగు ముందు అనడానికి ఇంకో కారణం ఉంది, ఇది చేసి చూస్తే గానీ తెలియదు. ఒడియాలో 'అ'కారాన్ని దాదాపు 'ఒ'లా పలుకుతారు. జగన్నాథుడు 'జొగొన్నాథొ' అవుతాడు. 'వ' ఉన్నచోట 'బ' వినిపిస్తుంది, మాట మొదట్లో 'య' ఉంటే 'జ' అవుతుంది, మన యమున వాళ్ళ 'జమునా'. పైగా మనకున్న ఎ-ఏ, ఒ-ఓ తేడా ఒడియా రాతలో లేదు. రెండూ ఒకే నెలలో మొదలుపెట్టినప్పుడు మా పాప 'పలక'ని 'పొలొకొ' అని చదివింది, 'మెడ'కీ 'మేడ'కీ ఒకే గుణింతం పెట్టేసింది. వెంటనే ఒడియా రాత ఆపేశాను. తెలుగు గుణింతాలు గట్టిపడ్డాక, దాదాపు అయిదు నెలలకి, మళ్ళీ ఎత్తుకున్నాం.

ఆపింది రాత మాత్రమే, మాట కాదు. మాట మొదటి రోజు నుంచే కావాలి. పాలు పోసే అబ్బాయితో, కింద వాటాలో ఉన్న మౌసీతో, వీధిలో పిల్లలతో పాప ఒడియాలోనే మాట్లాడేది. మళ్ళీ రాత మొదలుపెట్టేసరికి సగం మాటలు దానికి తెలిసినవే. వర్ణమాల వరస మనదే, క ఖ గ ఘ అనే వెళ్తుంది. కాబట్టి వరస కొత్తగా నేర్పక్కర్లేదు, బొమ్మ మారిందంతే. వారానికి అయిదక్షరాలు చొప్పున, ఎడమ పక్క తెలుగు అక్షరం, కుడి పక్క ఒడియా అక్షరం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. బజారుకి వెళ్ళినప్పుడు దుకాణాల బోర్డుల మీద ఆ వారం అక్షరాలు వెతకడం దాని ఆట.

అంకెల దగ్గర జాగ్రత్త. ఒడియా నాలుగు చూడటానికి అచ్చం మన 8లా ఉంటుంది. ఒకరోజు పాప వంటింట్లో తగిలించిన ఒడియా క్యాలెండర్ చూసి, "అమ్మా, ఇవాళ ఎనిమిది, నాన్న వచ్చేస్తారు" అని గుమ్మంలో కూర్చుంది. ఆ రోజు నాలుగో తారీఖు. సాయంత్రం దాకా ఎదురుచూసి, ఆ క్యాలెండర్ని పీకేయమని పేచీ పెట్టింది. పీకలేదు. ఆ నాలుగు కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది, అప్పటినుంచి మర్చిపోలేదు.

లెక్కలు ఏ భాషలో చెప్పాలి?

స్థానాలు, అంటే పదులు ఒకట్లు, తెలుగులోనే. మన అంకెల పేర్లు లెక్కని దాచవు. 'ఇరవై ఒకటి' అంటే ఇరవై, ఆపైన ఒకటి, చెవికే తెలిసిపోతుంది. ఒడియాలో 21 'ఏకోఇశి'. 29ని 'అణతిరిశ' అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. పెద్దయ్యాక అందమైన మాటే అది, పదులు అప్పుడే నేర్చుకుంటున్న ఆరేళ్ళ పిల్లకి మాత్రం అడ్డం. బజారు లెక్క ఒడియాలో వినడం, ఇంట్లో పలక లెక్క తెలుగులో చేయడం, మేం అలా నెట్టుకొచ్చాం.

సామాన్లు ఇంట్లోవే. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. పదిహేడు ఇమ్మంటే విడి పుల్లలు చాలవు, కట్ట విప్పాల్సిందే. ఆ రబ్బరు బ్యాండు టప్పుమని తీసిన రోజే పాపకి 'అప్పు తెచ్చుకోవడం' అర్థమైంది. పలక మీద మూడు వారాలు చెప్పినా ఎక్కనిది! సగాలూ రెట్టింపులూ మా అత్తగారు బియ్యం కొలుస్తూ నేర్పారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. భిన్నాలు మూడో తరగతిలో కదా అని నేను వద్దనలేదు. మానికలో సోల ఎంత అంటే 'నాలుగో వంతు' అని దానికి ఏడేళ్ళకే తెలుసు, ఆ మాట అనడం తెలియకపోయినా.

రోజుకి ఎన్ని గంటలు?

ఆరేడేళ్ళ పిల్లకి గంటన్నర, మహా అయితే రెండు గంటలు. అది కూడా ఇరవై నిమిషాల ముక్కలుగా. బడిలో ఆరు గంటలు ఉంటారు కదా అనకండి. అక్కడ నలభై మంది, ఇక్కడ ఒక్కర్తి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి?

మా అత్తగారు మొదటి నెలంతా "గుంటని బడికి పంపకుండా ఇంట్లో ఏటి చేస్తన్నావమ్మా" అంటూనే ఉన్నారు. నేను వాదించలేదు. రోజూ సాయంత్రం పాప చేత ఆవిడకి ఒక పేజీ చదివి వినిపించమన్నాను. ఆవిడకి చదవడం రాదు, కథ కావాలి. రెండో నెలలో "నిన్న సగంలో ఆపీసింది, మిగతాది చదవమను" అన్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరడిగినా సమాధానం ఆవిడే చెప్పేవారు. అన్ని ఇళ్ళల్లో ఇలా జరుగుతుందని చెప్పలేను. ఇంట్లో రోజూ గొడవే అయితే, ఆ గొడవ మధ్యలో పిల్లకి చదువు రాదు. అప్పుడు బడే మంచిది.

పాపకి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. ఒకటో తరగతి మొదలుపెట్టేయొచ్చా?

తొందరొద్దు. అంగన్‌వాడీకి పంపండి, కథలు చెప్పండి, బలపం ఇచ్చి గీతలు గీయనివ్వండి.

అక్షరాలు తారుమారు చేస్తోంది. ఏదైనా సమస్యా?

రెండు లిపులు నేర్చుకుంటున్న పిల్ల కొన్నాళ్ళు తారుమారు చేయడం మామూలే. ముందు కళ్ళు, చెవులు చూపించండి. నెలల తరబడి రోజూ నేర్పినా, ఎనిమిదేళ్ళు దగ్గరపడుతున్నా, ఒక్క భాషలో కూడా మాటలు కూడబలుక్కోలేకపోతుంటే పిల్లల డాక్టర్‌ని అడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రాలు జిల్లా స్థాయిలో పెట్టారు. పెద్దాసుపత్రిలో కనుక్కోండి. "బద్ధకం" అని పిల్లని తిట్టడం మాత్రం డాక్టర్ చెప్పేదాకా వాయిదా వేయండి, చెప్పాక ఎలాగూ తిట్టరు.

పై పుస్తకానికి ఎప్పుడు మారాలి?

పుస్తకం అయిపోయినప్పుడు కాదు. కొత్త కాగితం మీద అదే పని పిల్ల చేసినప్పుడు. పదిలో ఎనిమిది వస్తే మేం ముందుకు వెళ్ళేవాళ్ళం. మిగిలిన రెండూ వచ్చే పాఠంలో ఎలాగూ ఎదురుపడతాయి. ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్ళాం. వేసవిలో అమ్మమ్మ ఊరు టెక్కలికి వెళ్ళి నెల తర్వాత వస్తే ఒడియా సగం ఆవిరైపోయింది. తిట్టుకోకుండా రెండు వారాలు పాత కాగితాలే తిరగేశాం.

మళ్ళీ బడిలో చేర్చాలంటే? టీసీ లేదు కదా.

విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివాళ్ళని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు కూడా పిల్లకి ఉంది. చేర్చుకోవడానికి ప్రవేశ పరీక్ష పెట్టకూడదు, వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదు. అయినా జనన ధ్రువపత్రం, ఆధార్ తయారుగా పెట్టుకోండి. చట్టం మన పక్కనే ఉన్నా, హెచ్చెమ్ గారి టేబుల్ మీద కాగితం ఉంటే పని త్వరగా అవుతుంది. పాత బడి నుంచి టీసీ అప్పుడే తెచ్చుకుని ఉంటే మంచిది. మేం తెచ్చుకోలేదు, తర్వాత శ్రీకాకుళం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

బడి వద్దు, సర్టిఫికెట్ కావాలి అనుకునేవాళ్ళకి ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే సార్వత్రిక బడి) ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. ఏ లెవల్ మూడో తరగతికి, బీ లెవల్ అయిదుకి, సీ లెవల్ ఎనిమిదికి సమానం. ఆ తర్వాత వాళ్ళ పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. చిన్న పిల్లకి ఇప్పుడే దాని గురించి పరిగెత్తక్కర్లేదు.

మీరు చేయాల్సిందల్లా నెలకో కాగితం దాచడం. పిల్ల సొంతంగా రాసిన ఒక పేజీ, ఒక పేజీ లెక్కలు, పైన తారీఖు. దిద్ది అందంగా చేసినవి వద్దు, తప్పులతోనే దాచండి. మేం పాపని మూడో తరగతిలో చేర్చడానికి వెళ్ళినప్పుడు హెచ్చెమ్ గారు ఆ కట్ట మొదటి నుంచి తిరగేశారు. నాలుగుని ఎనిమిదిగా రాసిన కాగితం దగ్గర ఆగి, నవ్వి, గోడ మీద ఒడియాలో రాసున్న బడి పేరు చూపించి చదవమన్నారు. పాప చదివింది, అన్ని 'అ'లూ 'అ'లుగానే, మన యాసతో. ఆయన సరిదిద్దలేదు. "రేపు పొద్దున్న పలక కాదు, పెన్సిల్ తెచ్చుకో" అన్నారు.